యశోదత్త, మంగేశ్, ‘ప్రే ఆన్’ అనే మాట

మా యశోదత్తకు ఇంగ్లీషు రాదు. మరాఠీ ధారాళంగా మాట్లాడుతుంది, హిందీలో బస్సు కండక్టర్లతో పోట్లాడుతుంది, తెలుగులో తిడుతుంది. ఆ మూడు భాషలుంటే సోలాపూర్‌లో ఎవరి బతుకైనా వెళ్లిపోతుంది. అలాంటి మనిషిని ఒక ఇంగ్లీషు మాట ఎట్లా ఇరికించిందో చెప్పాలంటే, ముందు వాళ్లింట్లో అందరూ ఎందుకు అరుస్తారో చెప్పాలి.

అత్త భర్త గంగాధర్ మామ పెళ్లి కాకముందు నుంచీ పవర్‌లూమ్ షెడ్డులో చాదర్లు నేస్తున్నాడు. మరమగ్గాల చప్పుడు ఆయన చెవులను ఎప్పుడో తినేసింది. ఇంటికొచ్చినా షెడ్డులో ఉన్నట్టే ఆయన అరుస్తాడు. ఆయనకు వినబడాలని మిగతావాళ్లు అరుస్తారు. జోడ్‌భావి పేట్‌లో మా ఇంటి వెనక గదిలో ఉన్నన్నాళ్లూ దీన్ని ఎవరూ పట్టించుకోలేదు. అక్కడ ప్రతి ఇంట్లోనూ ఒక చెవిటి నేతగాడు ఉంటాడు. ఊరికి దూరంగా ఉన్న కుంభారి కాలనీకి మారాక తెలిసొచ్చింది. అక్కడ ఇళ్లన్నీ ఒకే అచ్చులో పోసినట్టు, గోడకు గోడ ఆనుకుని ఉంటాయి. కూరలో ఉప్పు తక్కువైందని మామ అంటే పక్కింటి సారిక తన కూర రుచి చూసుకుంటుంది.

ఆ ఇల్లు అత్త బీడీ కార్డు మీద వచ్చింది. ఆ కార్డంటే ఏమిటో బయటివాళ్లకు అర్థం కాదు. కార్డుంటేనే ఆమె కార్మికురాలు. కార్డుంటేనే ప్రావిడెంట్ ఫండు, ముసలితనంలో పింఛను. లేకపోతే ఇంట్లో కూర్చుని తునికాకు కత్తిరించుకునే ఒక ఆడమనిషి, అంతే. అత్తకు ఆ పింఛను ఇంక ఎంతో దూరంలో లేదు. కార్డును ప్లాస్టిక్ కవరులో పెట్టి, కవరును చేతిరుమాలులో చుట్టి, జాకెట్లో దోపుకుంటుంది. మామను ఎక్కడో మరిచిపోయి వచ్చిందంటే నమ్ముతాను గానీ కార్డు మరిచిందంటే నమ్మను.

ఆ భయంతోనే ఒక తప్పు చేసింది. కాలనీకి మారిన ఆడవాళ్లు తమ కార్డులను దగ్గరలో ఉన్న బీడీ కంపెనీ బ్రాంచికి మార్పించుకున్నారు. అత్త మార్పించుకోలేదు. ‘‘ఇన్నేండ్ల కార్డు. బ్రాంచి మారితే నంబరు మారుతది, నంబరు మారితే ఎనకటి లెక్కంత గాలికి పోతది’’ అంది. అలా పోతుందని ఆమెకు ఎవరూ చెప్పలేదు. పోదని చెప్పినవాళ్లను ఆమె నమ్మలేదు. అందుకని రోజూ పొద్దున గంప పట్టుకుని, కుంభారి నుంచి పేట్‌లోని పాత బ్రాంచికి బస్సులో వచ్చేది. చుట్టిన బీడీలు అప్పజెప్పి, మరుసటి రోజుకు ఆకు, తంబాకు తీసుకుని మధ్యాహ్నం బస్సుకు తిరిగిపోయేది. ఆ బస్సు తప్పితే మళ్లీ సాయంత్రం వరకు లేదు. సాయంత్రం ఇల్లు చేరితే ఆ రోజు బీడీలు చుట్టేదెప్పుడు?

పేట్‌లో ఉన్నప్పుడు అత్త ఒంటరిగా బ్రాంచికి వెళ్లింది లేదు. గల్లీ ఆడవాళ్లంతా ఒక గుంపుగా పోయేవాళ్లు. బీడీలు పరీక్షించి తీసుకునే చెకర్ ఒకరి గంపలోంచి పది బీడీలు పక్కకు తీస్తే అందరి నోళ్లూ లేచేవి. ఇప్పుడు ఆ గుంపు పొద్దున్నే వచ్చి పోతుంది. అత్త బస్సు దిగి వచ్చేసరికి వరసలో ఆమెకు తెలిసినవాళ్లు ఉండరు.

ఈ సంగతి అందరికంటే ముందు కనిపెట్టినవాడు మంగేశ్.

మంగేశ్ ఆ బ్రాంచిలో చెకర్. పేరు చెప్పగానే మీసాలు, ఎర్ర కళ్లు ఊహించుకోవద్దు. ఇస్త్రీ చొక్కా వేసుకుంటాడు. పెద్దవాళ్లందరినీ అక్కా అనీ, మరాఠీలో పిన్నీ అన్నట్టు మౌశీ అనీ పిలుస్తాడు. పిల్లల పరీక్షలు ఎలా రాశారని అడుగుతాడు. వాళ్లమ్మ కూడా మా గల్లీలోనే బీడీలు చుట్టింది. బాగా లేదని చెకర్ పక్కకు తీసిన బీడీని ఛాట్ అంటారు. ఛాట్‌కు కూలి రాదు. పాత చెకర్ వాటిని అక్కడికక్కడే తుంచి పారేసేవాడు, నియమం కూడా అదే. మంగేశ్ తుంచడు. బల్ల కింద ఒక రేకు డబ్బా ఉంటుంది, అందులో వేస్తాడు. సాయంత్రానికి ఆ డబ్బా నిండుతుంది. అది ఎవరికి అమ్ముడుపోతుందో బ్రాంచి ఎదురుగా టీ బండి పెట్టినవాడికీ తెలుసు, రోజంతా ఆ బండి దగ్గర కూర్చునే నాకూ తెలుసు.

అత్తను వాడు కావాలనే చివర్న పెట్టేవాడు. బస్సు వేళ దగ్గర పడేదాకా ఆగి, ‘‘రా యశోదక్కా, చానా సేపైంది గద’’ అని పిలిచి, గంపలో చెయ్యి పెట్టేవాడు. నోరు తెరిస్తే బస్సు పోతుంది. బస్సు కావాలంటే నోరు మూయాలి. ఆమె రోడ్డు వైపు ఒక కన్ను, డబ్బా వైపు ఒక కన్ను వేసి నిలబడేది.

నేను ఒకసారి బండి దగ్గరి నుంచి లేచాను. అత్త అక్కడి నుంచే చెయ్యి చూపించి నన్ను కూర్చోబెట్టింది. తర్వాత బస్టాపులో చెప్పింది: ‘‘నువ్వు లోపలికి అడుగు పెడితే మంచిగుండదు అల్లుడా. నువ్వు కొట్లాడి టీ తాగనీకి పోతవు. రేపు మల్ల వాని ముందర నిలబడేది నేను. కార్డు బందు చేస్తే నువ్విస్తవా పింఛను?’’

బస్సు రాగానే గంప లోపలికి అందించాను.

ఇక ఆ మాట సంగతి. ఒక ఆదివారం నేను కుంభారిలో ఉన్నాను. అత్త వాకిట్లో కూర్చుని బీడీలు చుడుతోంది. మామ గోడకు ఆనుకుని కళ్లు మూసుకున్నాడు. వాళ్ల కూతురు ఋతుజ ఏదో ఉద్యోగ పరీక్షకు చదువుతూ ఇంగ్లీషు పుస్తకం ముందేసుకుంది.

‘‘బావా, నువ్వు ఇంగ్లీషు నేర్చుకుని కాలేజీ ఇడిసిపెట్టినవా, నేర్చుకోక ముందే ఇడిసిపెట్టినవా?’’

‘‘అడుగు, పెద్ద దానివి.’’

‘‘‘ప్రే ఆన్’ అంటే ఏంది?’’

‘‘ఒక జంతువు ఇంకో జంతువును పట్టి తిని, దాని మీదనే బతుకుడు. గద్దలు ఎలుకల మీద బతుకుతయి. అది.’’

‘‘అంటే వేటాడుడే గద. ‘హంట్’ అంటే సరిపాయె.’’

‘‘సరిపోదు. హంట్ ఒక్కసారి కూడ చేస్తరు, సరదాకు కూడ చేస్తరు. ఇది సరదా కాదు. ఇది దాని రోజు పని, దాని అన్నం. ఇంకొకటి చెప్త విను. రెండు పులులు కొట్లాడుకుంటే ఈ మాట వాడరు. ఒకటి బలంగుండాలె, రెండోదానికి తప్పించుకునే దారి ఉండొద్దు. అప్పుడే వాడతరు.’’

‘‘మనుషులకు చెల్లుతదా?’’

‘‘మనుషులకే ఎక్కువ వాడతరు. పేపర్ల చూడు. ముసలోళ్లను, ఒంటిగ ఉన్నోళ్లను, ఎవరికి చెప్పుకోలేనోళ్లను ఏరుకుని, వాళ్ల మీద పడి బతికేటోళ్ల గురించి రాసినప్పుడు ఇదే మాట. భయం, దిగులు మనిషిని లోపల్నుంచి కొరుకుతున్నా ఇదే వాడతరు, ‘ప్రేస్ ఆన్ హర్ మైండ్’ అని. అది వేరే. పరీక్షల రెండూ అడుగుతరు.’’

అత్త చేతిలో బీడీకి దారం చుడుతూ తల ఎత్తకుండానే అడిగింది. ‘‘గద్దకు ఎన్నో ఎలుకలుంటయి గద. అన్నిట్ల ఆ ఒక్కదాన్నే ఎందుకు పట్టుకుంటది?’’

‘‘బొరియకు దూరంగ దొరికింది గనక, అత్తా.’’

ఆమె దారం బిగించి తెంపింది. ఋతుజ మాత్రం వాళ్లమ్మ ముఖం వైపు చూసింది. అప్పుడే మామ కళ్లు తెరిచి, ‘‘ఏమంటున్నరు?’’ అని అరిచాడు.

‘‘ఇంగ్లీషు నాయినా!’’

‘‘ఆఁ?’’

‘‘ఇంగ్లీషూ! వాక్యం చెప్త, విను! ‘మంగేశ్ ప్రేస్ ఆన్ మై మదర్!’’’

‘‘మంగేశా? మంగేశేం జేసిండు?’’

‘‘అమ్మను పీక్కు తింటున్నడు నాయినా! గద్ద లెక్క! రోజూ!’’

అత్త తంబాకు చేత్తోనే కూతురి నోరు మూసింది. ఋతుజ దగ్గింది, కళ్లలో నీళ్లు తిరిగాయి. అత్త ఆమెను చూడటం లేదు, పక్కింటి గోడను చూస్తోంది. గోడ అవతల సారిక ఇంట్లో గిన్నెల చప్పుడు ఆగిపోయింది.

సారిక చెడ్డది కాదు. కానీ ఆమె తమ్ముడు అదే బ్రాంచిలో తంబాకు తూస్తాడు. అక్క నవ్వుకుంటూ చెప్పి ఉంటుంది, తమ్ముడు నవ్వుకుంటూ మోసి ఉంటాడు.

మరునాడు అత్త వెళ్లేసరికి బ్రాంచిలో అందరికీ తెలుసు. ఆ రోజు నేను బండి దగ్గర కాదు, బ్రాంచి గడప మీదే కూర్చున్నాను. అత్త వద్దన్నా లేవలేదు. మంగేశ్ ఎప్పటిలాగే ఆమెను చివర్న పెట్టాడు. కానీ ఆ రోజు గంప విప్పక ముందు కుర్చీలో వెనక్కి వాలాడు.

‘‘యశోదక్కా, మీ ఇంట్ల నా మీద ఇంగ్లీషుల పాఠం నడుస్తుందట గద!’’

వరసలో మిగిలిన ఇద్దరు ముగ్గురు ఆడవాళ్లు నవ్వారు. అత్త గంప అంచు పట్టుకుంది.

‘‘పొరగాళ్లు, ఏందో చదువుకుంటరు తమ్మీ.’’

‘‘చదువుకోనీ, మంచిదే. నాకూ జర చెప్పు. ఏమట ఆ మాట?’’

‘‘నాకేం తెలుసు ఇంగ్లీషు.’’

‘‘అర్థం తెలుసట గద. సారిక తమ్ముడు చెప్పిండు. చెప్పు అక్కా, సిగ్గెందుకు?’’

ఆమె చెప్పకపోతే వదలడు. చెప్పినా వదలడు. అత్త గంపలోకే చూస్తూ, ‘‘గద్ద ఎలుకను తింటది అని. పుస్తకంల ఉంది’’ అంది.

‘‘నేను గద్దనా?’’

‘‘నేను అనలే.’’

‘‘మరి నువ్వు ఎలుకవా?’’

ఎవరో కిసుక్కున నవ్వారు. మంగేశ్ కుర్చీ ముందుకు జరుపుకుని గంపలో చెయ్యి పెట్టాడు. ఆ రోజు వాడు చూసి తీయలేదు. పిడికిళ్లతో తీశాడు. కట్ట విప్పడం, సగం డబ్బాలో వేయడం, మళ్లీ కట్ట విప్పడం. ‘‘ఇది వదులు. ఇది పొట్టి. దీని మూతి సరిగ లేదు.’’ ముఖంలో కోపం లేదు, అదే నవ్వు. ‘‘చదువు ఎక్కువై చెయ్యి తప్పుతుంది అక్కా.’’

రోడ్డు మీద బస్సు వచ్చి ఆగిన చప్పుడైంది.

బీడీ చుట్టే ఆడవాళ్లు చుట్టిన బీడీని తుంచరు. చుట్టిన చేత్తో తుంచితే ఆ చేతికి పని తప్పిపోతుందని మా నాయనమ్మ అనేది. వంకరగా వచ్చినదాన్ని కూడా విప్పి ఆకు, తంబాకు వేరు చేస్తారు గానీ తుంచరు. అందుకని అత్త వంగి బల్ల కింది డబ్బా పైకి తీసినప్పుడు ఆమె ఏం చేయబోతోందో మాలో ఎవరికీ తట్టలేదు. డబ్బాను బల్ల మీద బోర్లించింది. రెండు చేతులా తన బీడీలు పట్టుకుని తుంచడం మొదలుపెట్టింది. ఒక్కొక్కటి కాదు, గుప్పెడు గుప్పెడు. తంబాకు మంగేశ్ ఇస్త్రీ చొక్కా మీద రాలింది.

‘‘ఏం జేస్తున్నవ్! ఏయ్! పిచ్చి లేసిందా?’’

‘‘ఛాట్ అన్నవు గద. ఛాట్‌ను తుంచాలె. నీ పని నేను చేస్తున్న.’’

‘‘కార్డు ఇటియ్యి. నీ కార్డు బందు!’’

‘‘ఏమని రాస్తవు?’’ అత్త చేతులు ఆగలేదు. ‘‘ఛాట్ బీడీలు తుంచింది అని రాస్తవా? రాయి.’’

వాడు రాయలేకపోయాడు. అలా రాస్తే ఇన్నాళ్లూ నువ్వెందుకు తుంచలేదని పైవాళ్లు అడుగుతారు. ఒక ముసలావిడ పెద్దగా నవ్వింది. మంగేశ్ చొక్కా దులుపుకుని, ‘‘పో, బస్సు పోతది’’ అన్నాడు.

బస్సు పోయింది. అత్తను నా స్కూటర్ మీద కుంభారిలో దించాను. దారంతా ఆమె రెండు అరచేతులూ చూసుకుంటూనే ఉంది.

ఆ తర్వాత కొన్నాళ్లు అత్త బతుకు తేలికైంది. మంగేశ్ ఆమెను అందరికంటే ముందు పిలిచేవాడు. గంప పైపైన చూసి పంపేసేవాడు. మధ్యాహ్నం బస్సులో కిటికీ పక్క సీటు దొరికేది. ‘‘గద్దకు ఎలుక కరిసింది’’ అని ఋతుజ ఆటపట్టించేది. అత్త నవ్వేది కానీ, ఆ నవ్వు ఎక్కువ రోజులు నిలవలేదు.

ఎందుకంటే డబ్బా మళ్లీ నిండుతోంది.

కాజల్ అని ఒక చిన్నపిల్ల. చిన్నపిల్ల అంటున్నాను గానీ చంకలో చంటిదుంది. భర్త హోట్గి రోడ్డు వైపు ఏదో షెడ్డులో పని చేస్తాడు. ఈ మధ్యే బ్రాంచిలో చేరింది, తాత్కాలిక చీటీ మీద చుడుతోంది, పక్కా కార్డు ఇంకా చేతికి రాలేదు. మంగేశ్ ఇప్పుడు ఆమెను చివర్న పెడుతున్నాడు. చంటిది ఏడ్చేదాకా ఆగుతాడు. అది ఏడుపు మొదలుపెట్టగానే, ‘‘రా చెల్లె, పిల్లకు ఆకలైతున్నట్టుంది’’ అని పిలుస్తాడు. పిల్లను పట్టుకుని గంపలో ఏం పోతోందో చూసుకోవడం కుదరదు కదా.

అత్త ఇది చూసింది. నేనూ చూశాను. బస్టాపుకు నడుస్తుంటే నేనే ఎత్తాను.

‘‘కాజల్‌కు చెప్పరాదు? నువ్వు చేసినట్టు ఆమెను కూడ తుంచమను.’’

‘‘ఆమెకు పక్కా కార్డే లేదు. తుంచితే రేపటికెల్లి రావద్దంటడు, అయిపాయె.’’

‘‘మరి?’’

‘‘మరేంది. నా పని నేను చూసుకోవాలె.’’ కాస్త నడిచాక మళ్లీ అంది, ‘‘నన్ను ఇడిసిపెట్టి ఆమెను పట్టిండు. నాకు తెలుసు. తెలిసి కిటికీ కాడ కూసుని పోతున్న.’’

‘‘నువ్వు ఇంక ఎంత కాలం చేస్తవు అత్తా, పింఛను ఒడ్డుకొచ్చింది. ఊకో.’’

‘‘ఊకునే ఉన్న గద’’ అని నా మీద కసురుకుంది.

మరుసటి వారం ఒకరోజు అత్త గంప ఖాళీ చేసి, ఆకు తీసుకుని, గడప దాకా వచ్చి ఆగింది. లోపల చంటిది ఏడుస్తోంది. బయట బస్సు నిలబడి ఉంది. నేను గంప అందుకోవడానికి చెయ్యి చాపాను. ఆమె ఇవ్వలేదు. వెనక్కి తిరిగి వెళ్లి కాజల్ చంకలోంచి పిల్లను తీసుకుని, బల్ల పక్కన నేల మీద కూర్చుంది.

‘‘చూసుకో బిడ్డా, నీ గంప మంచిగ చూసుకో. పిల్ల నా కాడ ఉంటది.’’

మంగేశ్ చెయ్యి గంపలోనే ఆగింది.

‘‘యశోదక్కా, నీది అయిపోయింది గద. పో.’’

‘‘పోను.’’

‘‘బస్సు పోతది.’’

‘‘పోనీ.’’

‘‘ఈమె నీకేమైతది?’’

‘‘ఏం కాదు.’’

వాడు గంపలోంచి చెయ్యి తీశాడు. తర్వాత గొంతు తగ్గించి, నవ్వు లేకుండా అన్నాడు: ‘‘అక్కా, పోయినసారి రాయనీకి నా కాడ ఏం లేకుండె. ఇప్పుడుంది. పనికి అడ్డం కూసుంది అని రాస్త. ఆలోచించుకో. ఇంకెంత కాలముంది నీకు?’’

అత్త ఆలోచించింది. ఆమె ముఖం చూస్తున్న నాకు అది తెలిసింది. ఒక చేత్తో పిల్లను పట్టుకుని, రెండో చెయ్యి జాకెట్లో పెట్టింది. కార్డు తీసి ఇంకా గట్టిగా దాచుకుంటుందేమో అనుకున్నాను. రుమాలు విప్పింది. కవరు తీసింది. కార్డు బల్ల మీద పెట్టింది.

‘‘రాయి. ఇయ్యాల ఆమె గంపల మాత్రం చూసి తీయి.’’

వాడు కార్డు తీసి సొరుగులో వేసి తాళం పెట్టాడు. ఆ రోజు కాజల్ గంపలోంచి ఛాట్ తీయలేదు.

ఇది జరిగి చాలా రోజులైంది. కార్డు ఇంకా సొరుగులోనే ఉంది. వాడు ఏమీ రాయలేదు, తిరిగి ఇవ్వనూ లేదు. యూనియన్ ఆఫీసుకు పోదామంటే అత్త రానంటుంది. అక్కడికి పోతే ఆమే పోగొట్టుకుందని వాడు చెప్తాడట, అదొక భయం. కార్డో చీటీయో లేకుండా బీడీలు తీసుకోరు కాబట్టి ఇప్పుడు కాజల్ చీటీ లెక్కలో చుడుతోంది. కూలి వస్తుంది గానీ ఆ రోజులు అత్త పేరున పడవు. పింఛను ఎంత దూరంలో ఉండిందో అక్కడే ఆగిపోయింది. మామకు ఈ సంగతి చెప్పలేదు. చెప్పాలంటే అరవాలి.

అయినా రోజూ పొద్దున బస్సులో వస్తుంది. కాజల్ పిల్లను ఒళ్లో వేసుకుని, బల్ల పక్కన అదే చోట మధ్యాహ్నం దాకా కూర్చుంటుంది. కాజల్ గంపలో మంగేశ్ ఇప్పుడు చెయ్యి పెట్టడం లేదు. ఇంకెవరి గంపలో పెడతాడో చూడటానికే అత్త పోతుందని నా అనుమానం. అడిగితే తిడుతుంది.

నిన్న నేను గడప మీద ఉండగానే మంగేశ్ అడిగాడు.

‘‘ఎన్ని రోజులు కూసుంటవు అక్కా ఇట్ల?’’

‘‘నీకు ఇసుగొస్తే కార్డియ్యి.’’

‘‘నాకు రాదు.’’

‘‘నాకూ రాదు’’ అని అత్త పిల్లను ఈ తొడ మీంచి ఆ తొడ మీదికి మార్చుకుంది.